జగన్నాధం బావ కాళ్ళు మాట వినని ఏడాది

మా అక్క దేముడమ్మని నేను అప్ప అంటాను. ఆవిడ మొగుడు జగన్నాధం లారీ డ్రైవరు. సాలూరులో ఇది చెప్పుకోదగ్గ సంగతి కాదు. మా ఊళ్ళో రాయి విసిరితే డ్రైవరుకైనా తగులుతుంది, క్లీనరుకైనా తగులుతుంది, ఎవరికీ తగలకపోతే నా కొట్టు ముందున్న టైరుకి తగులుతుంది. నాది పంచర్ల కొట్టు. నా పేరు చినబాబు. బావకీ నాకూ ఈడులో పెద్ద తేడా లేదు. అయినా ఆయన నన్ను ఒరే అంటాడు, నేను పలుకుతాను.

బావ మక్కువ దగ్గర నాలుగు మళ్ళున్న రైతు బిడ్డ. నాగలి వదిలి స్టీరింగు పట్టుకున్నాడని వాళ్ళమ్మ జగ్గమ్మత్తకి ఎప్పుడూ గుర్రే. లక్ష్మణరావు షావుకారి బండి తోలేవాడు. నౌపడ ఉప్పు కొండ మీదకి ఎక్కించడం, అక్కణ్ణించి చింతపండు దింపుకుని రావడం, అదీ ఆయన పని. కొండ మీద సంతల్లో అప్పటికీ ఉప్పు పోసి చింతపండు కొలిపించుకునే షావుకార్లున్నారు. ఎవరి కొలత ఎవరివైపు మొగ్గేదో నేను చెప్పక్కర్లేదు. బావకి ఆ కొలతలతో పనిలేదు. ఆయనకి కావలసింది ఘాటు రోడ్డు. ఆ మలుపుల్లో స్టీరింగు తిప్పుతుంటే ఆ మొహంలో వచ్చే వెలుగు పెళ్ళిపీటల మీద కూడా నేను చూడలేదు. ఈ మాట అప్ప దగ్గర అనకండి.

నేను చెప్పేది అరవై ఎనిమిదో సంవత్సరం సంగతి. ఆ ఏడాది మొదటినుంచీ బావ తీరే మారింది. ఇద్దరి తిండి తినేవాడు, ఒళ్ళు మాత్రం ఎండిపోయేది. ఊరికే చెమటలు పట్టేవి. టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి సగం టీ లుంగీ మీదే పడేది. "తిన్నదంతా ఎక్కడికి పోతన్నాది బావా, సోకులకా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయనకి కోపం కూడా ఇట్టే వచ్చేది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అప్ప మీద గొంతు లేపనివాడు, ఉల్లిపాయ పెద్దముక్క కోసిందని కంచం తోసేశాడు. డ్రైవరు కదా, నిద్ర చాలక అని మేం సరిపెట్టుకున్నాం.

శ్రీరామనవమికి రామతీర్థం వెళ్ళాం. కొండకింద వచ్చినవాళ్ళందరికీ పానకం పోయిస్తానని జగ్గమ్మత్త మొక్కుకుంది. మొక్కు ఆవిడది, మోత బావది. ఎండలో పొద్దస్తమానం కావిడితో నీళ్ళు మోశాడు, బెల్లం దంచాడు, కలిపాడు, పోశాడు. సాయంత్రం బానలో మిగిలిన పానకాన్ని పారబొయ్యడం ఎందుకని చెంబులతో ఎత్తి తనే తాగేశాడు. ఆ పైన పులగం తిని సత్రం అరుగు మీద పడుకున్నాడు.

తెల్లారి అందరం లేచాం. బావ లేవలేదు.

"ఒరే చినబాబు, నా కాళ్ళు నా మాట ఇనడం లేదురా," అన్నాడు.

"తిమ్మిరెక్కాయేటి?"

"తిమ్మిరి కాదు. గిల్లి సూడు, తెలుస్తాది. లెగమంటేనే లెగడం లేదు."

గిల్లాను. గట్టిగా గిల్లినట్టున్నాను, మా అమ్మని తిట్టాడు. అంటే స్పర్శ ఉంది. మాటా ఉంది, తిట్టూ ఉంది. తొడలనుంచి కింద మాత్రం అరటిబోదెల్లా పడున్నాయి. అప్ప మొహం చూడలేకపోయాను.

జగ్గమ్మత్త మాత్రం తడబడలేదు. జనానికి మొక్కిన పానకం కొడుకు తాగేశాడు కాబట్టి రాముడు అలిగాడని తేల్చేసింది. విరుగుడు కూడా ఆవిడే చెప్పింది. మళ్ళీ బెల్లం కలిపి, గుళ్ళో చూపించి తెచ్చి, ప్రసాదమని చెంబుడు పానకం కొడుకు నోట్లో పోసింది. పొద్దు వాలేసరికి బావ వేళ్ళు కదిలాయి, తర్వాత మోకాలు కదిలింది. దీపాలవేళకి గోడ పట్టుకుని నిలబడ్డాడు. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకసారే అయ్యాయి. కాకి వాలబట్టే తాటిపండు పడిందని అత్త నమ్మింది, మేమూ నమ్మాం.

ఆ రోజునుంచి మా అప్ప ఇంట్లో బెల్లమే వైద్యం. బావ కొంచెం నీరసంగా ఉన్నానంటే చాలు, అత్త అచ్చు పగలగొట్టేది. పులుపు నరాల్ని గుంజేస్తుందని చింతపండు మానిపించింది. కొబ్బరినీళ్ళు చలవ చేస్తాయని అవీ మానిపించింది. లారీ నిండా చింతపండు తెచ్చే మనిషి ఇంట్లో చారు కరువైంది. అంత కట్టుదిట్టంగా చూసుకున్నా ఆ జబ్బు మళ్ళీ వచ్చింది, మళ్ళీ వచ్చింది. వచ్చినప్పుడల్లా పొద్దున్నే వచ్చేది, పొద్దు వాలేసరికి పోయేది. ఎప్పుడు ఎక్కువగా ఉంటే అప్పుడు బెల్లం ఎక్కువ పెట్టేవాళ్ళం.

షావుకారికి చెప్పలేదు. జ్వరమని ఒకసారి, చుట్టాలొచ్చారని ఒకసారి అబద్ధాలాడాం. ఒక రోజు అప్ప నా కొట్టుకొచ్చి టైరు మీద కూర్చుంది.

"సెప్పీమంటావేట్రా షావుకారికి? సెప్తే బండి పోతాది. సెప్పకపోతే మనిషి పోతాడు," అంది.

ఈ మాట ఎత్తినప్పుడల్లా బావ మమ్మల్ని ఒక్క మాటతో ఆపేవాడు. "పడుకుని లెగిసినప్పుడే గదే వస్తన్నాది. బండి మీదున్నప్పుడు ఎప్పుడైనా వచ్చినాదా? రాదు," అనేవాడు. ఆ ఒక్క మాట పట్టుకుని వానాకాలమంతా గడిపేశాం. బండి మీద మాత్రం రాదు. అప్ప దేవుడి దీపం దగ్గర కూడా ఇదే మాట అనుకోవడం నేను విన్నాను.

ఆ వానలకి ఘాటు రోడ్డు ఒక మలుపులో కోసుకుపోయింది. ఒక్క బండి పట్టేంత దారే మిగిలింది. ఆ దారికి ఈ చివరొక గేటు, ఆ చివరొక గేటు, అంటే అడ్డంగా వేసిన రెండు వాసాలన్నమాట. ఎక్కే బండ్లు వదిలినప్పుడు దిగేవి ఆగాలి, దిగేవి వదిలినప్పుడు ఎక్కేవి ఆగాలి. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. డ్రైవర్లు గంటలకొద్దీ అక్కడ పడిగాపులు పడేవాళ్ళు. ఈ గేటు సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి.

దసరా వచ్చింది. సాలూరులో దసరా అంటే బండ్ల పండగ. డ్రైవర్లు బండిని కొత్త పెళ్ళికూతుర్ని చేస్తారు. బావ పొద్దున్నుంచి నడుం ఎత్తకుండా బండి కడిగి, తోమి, తోరణాలు కట్టి, దిష్టి గుమ్మడికాయ కొట్టాడు. షావుకారు తన డ్రైవర్లందరికీ బూరెలతో భోజనం పెట్టాడు. బూరెకి చిల్లు పొడిచి, నెయ్యి పోసుకుని బావ తిన్న తిండి చూసి వడ్డించేవాళ్ళే మొహమొహాలు చూసుకున్నారు.

మర్నాడు కాళ్ళతోపాటు చేతులు కూడా పడిపోయాయి. తల ఎత్తలేకపోయాడు. ఊపిరి పైపైనే ఆడుతోంది. అప్ప నన్ను పిలవడానికి వీధిలో పరుగెత్తుకొచ్చింది. వీధిలో పరుగెత్తాక ఇంక దాచేదేముంది? లక్ష్మణరావు షావుకారే వచ్చేశాడు. గుమ్మంలో నిలబడి బావని చూశాడు.

"ఎన్నాళ్ళబట్టి?" అని అడిగాడు.

అప్ప తల దించుకుంది. ఆయనకి అర్థమైంది.

"ఈ మనిషిసేతికి నా బండి మరివ్వను, జగ్గమ్మా. బండి పోతే మరోటి కొంటాను. లోయలో పడితే మనుషుల్ని ఎక్కడ కొంటాను?" అన్నాడు. కోపంగా అనలేదు, అదే మాకు ఎక్కువ బాధేసింది. వెళ్తూ వెళ్తూ, చింతపండు లోడు విశాఖపట్నం బయల్దేరుతోందని, అందులో పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పాడు.

అలా మా బావ కొండ మీంచి తను దింపిన చింతపండు బస్తాల మీదే పడుకుని పట్నం బయల్దేరాడు. పక్కన అప్ప, అత్త, నేను. చెయ్యి లేవదు, కాలు లేవదు. చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. గజపతినగరం దాటాక ముందు తోలుతున్న వాడి మీద సణుగుతున్నాడు. "గేరు మార్చమను ఆ ఎదవని. ఇంజను ఏడుస్తన్నాది," అంటున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అత్త ఒళ్ళో బెల్లం మూట ఉంది. మధ్యమధ్యలో చిన్న ముక్క కొడుకు బుగ్గన పెడుతోంది.

పెద్దాసుపత్రిలో మాకు దొరికిన డాక్టరు భీమశంకరరావు అనే కుర్రాయన. మీసం ఇంకా సరిగ్గా రాలేదు, ఈయనేం చూస్తాడు అనుకున్నాను. ఆయన బావ నాడి చూశాడు, కళ్ళు చూశాడు, కంఠం మీద వేళ్ళు పెట్టి మింగమన్నాడు. తర్వాత జబ్బు సంగతి వదిలేసి తిండి సంగతి అడగడం మొదలెట్టాడు.

"పడిపోయిన ముందురోజు ఏం చేశావు? ఏం తిన్నావు?"

అప్ప చెప్పింది. రామతీర్థంలో పానకం, దసరాకి బూరెలు, మధ్యలో బెల్లం.

"బెల్లం మానలేదు బాబూ. నానే పెడతన్నాను, బలానికి," అంది అత్త గర్వంగా.

డాక్టరు ఆవిడవైపు ఒకసారి చూశాడు. "బాగా కష్టపడిన రోజున, తీపి తిని పడుకుంటేనే వస్తోందా? కూర్చుని ఉండగా ఎప్పుడైనా వచ్చిందా?" అని బావనడిగాడు.

"రాలేదు బాబూ, బండి మీదున్నప్పుడు," అంది అప్ప.

బావ కళ్ళు మూసుకున్నాడు. "వచ్చినాది," అన్నాడు.

"ఎప్పుడు?" అంది అప్ప.

"గేటు కాడ. కూలోల్లు రాలేదని ఆ రోజు నానే బస్తాలెత్తినాను. గేటు కాడ ఆపీసినారు. మా అమ్మ కట్టిన బెల్లం తింటా కూకున్నాను. గేటు తెరిసినారు. బ్రేకు మీద కాలెయ్యబోతే కాలు రాలేదు. ఇంజను ఏడెక్కిందని అబద్ధమాడి, ఎనకాలోల్ని ముందుకి పొమ్మన్నాను. కాలొచ్చినదాకా అక్కడే కూకున్నాను."

ఇంత చెప్పేసరికి ఆయనకి ఆయాసమొచ్చింది. ఆ జబ్బు పది నిమిషాలు ఆగి వచ్చుంటే ఏమయ్యేదో నాకు తెలుసు, అప్పకి తెలుసు. మాకంటే ముందే తెలిసి, నెలలకొద్దీ ఆ భయాన్ని ఒంటరిగా మోశాడు.

డాక్టరు రక్తం తీసి పంపించాడు. మంటలో పెట్టి ఏ ఉప్పు ఎంతుందో ఆ మంట రంగుని బట్టి కొలిచే యంత్రం ఉందట. ఫలితం వచ్చాక ఆయన మొహం తేటపడింది. రక్తంలో పొటాషియం అనే సరుకు బాగా పడిపోయిందన్నాడు. ఒక మందు నీళ్ళలో కలిపించి చెంచాలతో పట్టించాడు. అదెంత అసహ్యంగా ఉందో బావ మొహమే చెప్పింది. అత్త మూట విప్పి కొడుకు నోరు తీపి చెయ్యబోయింది. డాక్టరు బెల్లం మూట మొత్తం తీసుకుని తన బల్ల మీద పెట్టుకున్నాడు. ఆవిడ మొహం చూడాలి అప్పుడు.

మేం ముగ్గురం ఆ మంచం చుట్టూ నిలబడి బావ కాళ్ళకేసి చూస్తూ ఉన్నాం. ఎంతసేపు చూశామో తెలియదు. కుడికాలి బొటనవేలు కదిలింది. ముందు చూసింది అప్పే. "అదిగో," అంది. ఆ వేలు మళ్ళీ కదిలింది. అప్ప దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. సాయంత్రానికి బావ లేచి కూర్చున్నాడు. మర్నాడు వరండాలో నడిచాడు. నా భుజం మీదనుంచి ఒక బస్తా దించినట్టయింది.

నడవగలిగాక బావ డాక్టర్ని అడిగాడు. "ఏటి బాబూ ఇది? ఎవలైనా ఏటైనా సేసినారా నాకు?"

డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మా అదృష్టం, ఆయనకి చెప్పాలనే ఉబలాటముంది.

"ఎవరూ ఏమీ చెయ్యలేదు. మన ఒళ్ళంతా కంటికి కనబడని చిన్నచిన్న గదులు. కండరం కూడా అంతే. ఒక్కో గదికీ పల్చటి గోడ. ఉప్పులో ఉండే సోడియం గోడకి బయట ఎక్కువుండాలి, పొటాషియం లోపల ఎక్కువుండాలి. అవి రేణువులు, అయాన్లంటారు. వాటిని అటూ ఇటూ మార్చడానికి ఆ గోడలో కాపలావాళ్ళున్నారు. ప్రోటీనుతో తయారైనవాళ్ళు."

"గేటు కాడ సౌకీదారు లాగానా?" అన్నాడు బావ.

ఏ గేటని అడిగి తెలుసుకున్నాడు డాక్టరు. "రెండు గేట్లూ ఒక్కసారే తెరిస్తే?" అన్నాడు.

"ఇంకేటున్నాది బాబూ. రెండు బండ్లూ ఎదురుపడతాయి. ఒకటి లోయలోకి."

"ఇదీ అంతే. ఆ ప్రోటీను నోరు ముందు గది లోపలివైపు తెరిచి ఉంటుంది. అందులో పీటల్లాంటి చోట్లున్నాయి. అప్పుడవి సోడియానికి సరిగ్గా అమరుతాయి. మూడు సోడియాలు ఎక్కి కూర్చుంటాయి. తిండినుంచి వచ్చిన శక్తి కాస్త ఖర్చుపెట్టి అది లోపలి నోరు మూసేస్తుంది. మూశాకే బయటి నోరు తెరుస్తుంది. అలా తెరవడంలో దాని ఆకారమే మారిపోతుంది. ఇక ఆ పీటల మీద సోడియం ఇమడదు, దిగిపోతుంది. ఇప్పుడవి పొటాషియానికి అమరుతాయి. రెండెక్కుతాయి. బయటి నోరు మూసి, లోపలిది తెరిచి, వాటిని గదిలో దింపుతుంది. మళ్ళీ మూడు సోడియాలు ఎక్కుతాయి."

"మూడు ఉప్పు బయటకిచ్చి రెండు పుచ్చుకుంటాదా? అలాటి షావుకారు మా సంతలో ఒక్కడూ లేడు," అన్నాను నేను.

డాక్టరు నవ్వాడు. "లెక్క కొలిచి చూశారు. ఆ గేట్లని మాత్రం కళ్ళతో చూసినవాళ్ళు లేరు. ఇలా జరుగుతుండాలని ఈమధ్యే కొందరు రాశారు," అన్నాడు. తర్వాత బావవైపు తిరిగాడు. "నీ కంఠంలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంది. అది ఎక్కువ పనిచేస్తోంది. నీ చెమట, వణుకు, ఆకలి, కోపం అన్నీ దానివే. అది ఈ కాపలావాళ్ళని తరుముతుంది. ఎలా తరుముతుందో మాకింకా పూర్తిగా తెలియదు. తీపి తింటే ఒంట్లో ఇన్సులిన్ ఊరుతుంది, అదీ తరుముతుంది. కష్టపడి పడుకున్నప్పుడు మరీను. రక్తంలో ఉండాల్సిన పొటాషియం అంతా గదుల్లోకి పోయి కూర్చుంటుంది. గోడకి అటూ ఇటూ పాళ్ళు తప్పితే, మెదడు లెమ్మన్న మాట కండరం వినలేదు."

బావ తన కాళ్ళు తడుముకున్నాడు.

"అయితే సరుకు పోలేదు బాబూ?"

"పోలేదు. గోడౌన్లో ఉంది, బజార్లో లేదు. అంతే."

"కాళ్ళు పాడైపోలేదు?"

"ఏమీ పాడవలేదు. ఆ గ్రంథికి మాత్రలిస్తాను. అది దారికొస్తే ఇది మరి రాదు. అంతవరకు బండెక్కకు. తీపి మానెయ్. కొబ్బరినీళ్ళు తాగు, చింతపండు చారు పోసుకో, వాటిలో కాస్తో కూస్తో పొటాషియం ఉంది."

"సింతపండా?" అంది అత్త. "నరాలు గుంజేస్తాది గదా బాబూ."

"గుంజనియ్యమ్మా," అన్నాడు డాక్టరు.

ఆ రాత్రి జగ్గమ్మత్త వరండాలో ఒక మూల కూర్చుంది. తన చేత్తోనే పెట్టానని కుమిలిపోతోందని నాకు తెలుసు. బావ నడుచుకుంటూ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, "సారు ఎప్పుడు కాస్తావే? నోరు సచ్చిపోయినాది," అన్నాడు. ఆవిడ ముక్కు చీదుకుని, "ఇంటికి పద," అంది.

మాత్రలు వేసుకుంటూ బావ చలికాలమంతా నా కొట్టులోనే కూర్చున్నాడు. నేను చేసిన ప్రతి పంచరుకీ వంక పెట్టాడు. మెల్లిగా ఒళ్ళు పట్టింది, చెమటలు తగ్గాయి, టీ గ్లాసు కదలకుండా నిలిచింది. సంక్రాంతి దాటాక మళ్ళీ పట్నం తీసుకెళ్తే డాక్టరు ఇక తోలుకోవచ్చని చెప్పాడు. లక్ష్మణరావు షావుకారు ఆ మాట నమ్మలేదు. డాక్టరు దగ్గరికి తన మనిషిని పంపి అడిగించుకున్నాడు. ఆ తర్వాత తాళం బావ చేతిలో పెట్టి, "చినబాబుని కూడా తీసుకెల్లు," అన్నాడు. నాకు లారీ తోలడం రాదు. నేను వెళ్ళి ఏం చేస్తానో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఉప్పు లోడుతో బయల్దేరాం. అత్త చింతపండు పులిహోర కట్టింది. అప్ప కొబ్బరిబొండాలు, ఆసుపత్రిలో ఇచ్చిన పొటాషియం మందుసీసా నా కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. ఘాటు మొదలైంది. రోడ్డు బాగుచెయ్యడానికి మన వాళ్ళకి తొందరేముంది, గేటు అలాగే ఉంది. అవతలినుంచి దిగే బండ్లు వస్తున్నాయి. మేం ఆగాం. ఆ రోజు ఆయన కాలు రాని చోటు ఇదేనని నాకు తెలుసు. ఇద్దరం పులిహోర తిన్నాం. ఎంతోసేపు కూర్చున్నాం.

చివరి బండి దిగిపోయింది. పైన గేటు మూశారన్న కేక వినబడింది. మా ముందున్న వాసం లేచింది. బావ బండి కదపలేదు. వెనకాల హారన్లు మోగాయి. నేను ఆయన మొహం చూడకుండా పాదంకేసి చూస్తున్నాను. ఆ పాదం బ్రేకు మీదకి వచ్చింది. నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది.

"బావా," అన్నాను.

"మాట ఇంటన్నాదిరా," అన్నాడు బావ, గేరు వేస్తూ.